కొండ మీద ఒంటరిగా వదిలేశారన్న బాధ పోవడం లేదు

ప్రశ్న: మాది కావలి. పెళ్లయి రెండేళ్లు. మా వారికి కొండలెక్కడమంటే ప్రాణం. సంక్రాంతి అయ్యాక నన్ను ఉదయగిరి దుర్గం తీసుకెళ్లారు. కొండ దిగువన ఆయన స్నేహితుడి తోటలో టెంట్ వేసుకుని రెండు రాత్రులు ఉండాలనుకున్నాం. మొదటిరోజే ఎక్కుతుంటే నాకు ఆయాసం వచ్చింది. ‘నువ్వు మెల్లగా రా, నేను పైన ఉంటా’ అని ఆయన వెళ్లిపోయారు. అరగంట పైనే ఒక్కదాన్నే బండ మీద కూర్చున్నాను. ఫోన్ కలవలేదు, ఏడుపొచ్చేసింది. కిందికి దిగాక మా అన్నకు ఫోన్ చేశాను. ఆ రాత్రే వచ్చి నన్ను తీసుకెళ్లాడు. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నా మా వారు ముభావంగా ఉంటున్నారు. ‘మీ అన్న ముందు నా పరువు తీశావు’ అంటున్నారు. తప్పు నాదేనా?

జవాబు: అమ్మా, ముందు ఆ అరగంట సంగతి చూద్దాం. తెలియని కొండ, ఎండ, ముళ్లపొదలు, చుట్టూ మనిషి అలికిడి లేదు, చేతిలో ఫోన్ ఉన్నా పనిచేయదు. అక్కడ భయపడటం పిరికితనం కాదు. దుర్గం ఎత్తు మూడు వేల అడుగుల పైమాటే. 1514లో ఆ కోట చేజిక్కే ముందు కృష్ణదేవరాయల సైన్యం ఏడాదికి పైగా దాని కిందే కాచుకుని ఉంది. అలాంటి కొండ మొదటిసారే ఎక్కలేకపోయానని మీరు సిగ్గుపడక్కర్లేదు. ఆయాసం వచ్చిన మనిషిని వదిలి ముందుకు వెళ్లడం మీ వారు చేసిన తప్పు. ఈ మాట నేను మెత్తగా చెప్పదలచుకోలేదు.

కొండలెక్కే అలవాటున్నవాళ్లు పాటించే పద్ధతి ఒకటుంది. అందరికంటే మెల్లగా నడిచేవాళ్లను ముందు నడవనిస్తారు, వేగంగా నడిచేవాళ్లు వెనక ఉంటారు. ఎవరూ తప్పిపోరు, ఎవరూ పరుగెత్తాల్సిన పని ఉండదు. ఇది మీ వారికి తెలియదని అనుకోను. తనకు ఇష్టమైన చోటు మీకు చూపించాలన్న తొందరలో, పైకి చేరితే చాలనుకుని ఉంటారు. మీరు ఎంత దూరం నడవగలరో, ఎక్కడ ఆగుదామో, ఎన్నింటికి వెనక్కి తిరుగుదామో బయల్దేరే ముందు అడిగారా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. ట్రిప్ ప్లాన్ అంతా ఆయనదే, మీరు వెంట వెళ్లారు. నాకు కనిపిస్తున్న అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ఇక మీ వైపు. అన్నకు ఫోన్ చేయడం తప్పని అనను. భయం వేసినప్పుడు ఆడపిల్లకు పుట్టిల్లే గుర్తొస్తుంది. అయితే కిందికి దిగిన తర్వాత, ఆ ఫోన్‌కు ముందు, ‘నన్ను వదిలేసి వెళ్లారు, చాలా భయమేసింది’ అని మీ వారితో అన్నారా? అనకపోతే, ఆయనకు జరిగిన సంగతి మీ అన్న ముఖంలోనే మొదట తెలిసింది. ఆ రాత్రి టెంట్ దగ్గర ఒంటరిగా మిగిలిపోయిన మనిషి ఆయన. పైన మీరు పడ్డ బాధే కింద ఆయనా పడ్డారు. ‘పరువు’ అన్న మాట వెనక ఉన్నది అదేనని నాకనిపిస్తోంది.

ఒక్క విషయం మాత్రం నిజాయితీగా ఆలోచించుకోండి. ఇలా వదిలేసి వెళ్లడం ఆ కొండ మీద ఒక్కసారే జరిగిందా? పెళ్లిళ్లలో, బజారులో, ఒంట్లో బాగాలేనప్పుడు కూడా మీ దారిన మిమ్మల్ని వదిలేస్తారా? అలవాటే అయితే ఇది వేరే సమస్య, నాకు మళ్లీ వివరంగా రాయండి. ఒక్కసారే అయితే మాటలతో తీరుతుంది.

ఆ మాటలు ఇంట్లో, అత్తగారు పక్క గదిలో ఉండగా వద్దు. ఒక సాయంత్రం ఇద్దరూ తుమ్మలపెంట బీచ్‌కు వెళ్లండి. చదునైన ఇసుక, ఇద్దరూ పక్కపక్కనే నడవొచ్చు. ‘మీరు ఎప్పుడూ ఇంతే’ అని మొదలుపెట్టకండి. ఆ బండ మీద కూర్చున్నప్పుడు ఏం కనిపించింది, ఎన్నిసార్లు ఫోన్ చేశారు, ఏమనుకున్నారు, అంతే చెప్పండి. తర్వాత ఆ రాత్రి ఆయనకెలా గడిచిందో అడిగి, మధ్యలో అడ్డు రాకుండా వినండి.

మళ్లీ కొండకు వెళ్లాలా అంటారేమో. మీకు ఇష్టముంటేనే వెళ్లండి, ఆయన్ని సంతోషపెట్టడానికి మాత్రం వద్దు. వెళ్తే ఈసారి ప్లాన్ మీరు వేయండి. భైరవకోన లాంటి చోటు చూడండి, రాతిలో తొలిచిన శివాలయాలు, పక్కనే జలపాతం, కోట అంత ఎక్కుడు ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు, తుపాన్లు. జనవరి, ఫిబ్రవరి నెలలు నయం. తెల్లవారుతూనే బయల్దేరండి, పది దాటాక ఎండ మాడ్చేస్తుంది. నీళ్లు, తిండి ఇద్దరి సంచుల్లోనూ విడివిడిగా ఉండాలి. ఆకలి, దాహం మీదున్నప్పుడు చిన్న మాట కూడా పెద్ద గొడవవుతుంది. రాత్రి ఉండాలంటే తెలిసినవాళ్ల తోటే మేలు. అడవిలో ఉండాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. మోకాళ్లకు ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే ఎక్కువ నొప్పి కాబట్టి ఒక కర్ర దగ్గర పెట్టుకోండి.

అంతకంటే ముందు మీ అన్నకు ఒక ఫోన్ చేయండి. వచ్చినందుకు కృతజ్ఞత చెప్పి, మా వారిని నువ్వే ఫోన్ చేసి ఆదివారం భోజనానికి పిలువు అన్నా అని అడగండి.