సమాధానం: దిగేటప్పుడు చెవి పోటు, తర్వాత దిబ్బడ

పైలట్ శిక్షణలో ఉన్న మీరు జలుబుతోనే ఎగిరితే, విమానం దిగేటప్పుడు చెవి పోటెత్తి, తర్వాత దిబ్బడ వేసిందని అడిగారు. కారణం దాదాపుగా మీ జలుబే. చెవి నుంచి ముక్కు వెనక్కి వెళ్లే యూస్టేషియన్ ట్యూబ్ వాచి ఉంటుంది. ఎక్కేటప్పుడు గాలి దానంతట అదే బయటికి పోతుంది, అందుకే 6,000 అడుగుల దాకా మీకేమీ తెలియలేదు. దిగేటప్పుడు మాత్రం గాలిని మనమే లోపలికి పంపాలి. మీరు ఎగిరిన చిన్న విమానం సెస్నా 172లో క్యాబిన్ ప్రెషరైజేషన్ (లోపలి గాలి ఒత్తిడిని నిలిపే ఏర్పాటు) ఉండదు, భారమంతా చెవి మీదే.

చాలామంది పొరబడేది ఇక్కడే: నొప్పి మొదలయ్యాక ముక్కు మూసి ఊదుతారు. అప్పటికే ఆలస్యం. ఒత్తిడి తేడా పెరిగితే ట్యూబ్ బిగుసుకుపోయి ఎంత ఊదినా తెరుచుకోదు. బలంగా ఊదితే కర్ణభేరికే కాదు, లోపలి చెవికీ దెబ్బ.

1. దిగడానికి ఇంజిన్ పవర్ తగ్గించిన క్షణం నుంచే గుటకలు వేస్తూ, ముక్కు మూసి మెల్లగా ఊదుతూ ఉండండి. కిందికొచ్చేకొద్దీ ఇంకా తరచుగా. ఒత్తిడి అక్కడే వేగంగా పెరుగుతుంది.

2. చెవి పట్టేస్తే దిగడం ఆపండి. ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పి, ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) అనుమతితో కాస్త పైకెక్కండి. చెవి తెరుచుకున్నాక నిదానంగా దిగండి.

3. రెండు రోజులైనా దిబ్బడ పోలేదన్నారు. ఈఎన్‌టీ డాక్టరు కర్ణభేరి చూసేదాకా ఎగరకండి. కళ్లు తిరిగినా, వినికిడి తగ్గినా ఈ రోజే వెళ్లండి.

4. జలుబుకని సెట్రిజిన్ మాత్ర వేసుకుని సోలోకి (ఒంటరిగా విమానం నడపడానికి) వెళ్లకండి, మగత వస్తుంది.

శిక్షణలో ఫ్లయింగ్ గంటలు వెనకబడతాయన్న టెన్షన్ నాకూ తెలుసు. అయినా పూర్తిగా తగ్గాక, ప్రతిసారీ విమానం ఎక్కేముందు నేల మీదే మెల్లగా ఊది చూడండి. రెండు చెవులూ టప్‌మనాలి. ఒక్కటి అనకపోయినా ఆ రోజు ఫ్లయింగ్ వద్దు.