వలసల మండలానికి మండల విద్యాధికారి (ఎంఈఓ)గా వెళ్తున్న చిన్నికి

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "అక్కా, దీన్ని ఆదోని అవతల ఎక్కడో కోసిగి వైపు వేశారంట, ఎంఈఓ చార్జి అంట, నువ్వైనా చెప్పి మాన్పించు" అని ఒకటే గోల. సరే చెప్తాలే అని పెట్టేశాను. చెప్పడానికే ఈ ఉత్తరం. మాన్పించడానికి కాదు. మన ఇంటి పిల్ల ఒక మండలం బడులన్నిటికీ బాధ్యురాలై కూర్చుంటుందంటే నాకు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. సంతోషం ఎంతో, భయమూ అంతే. హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా నువ్వు ఒక్క కాంపౌండు చూసుకున్నావు. ఇప్పుడు నలభై యాభై బడులు, వాటి టీచర్లు, వంటవాళ్లు, కమిటీలు, మీదనుంచి రోజుకో సర్క్యులర్. పైగా ఎవరైనా గొంతు పెంచితే తల ఊపేసే అలవాటు నీకు చిన్నప్పటినుంచీ ఉంది. ఆ కుర్చీలో తల ఊపితే సంతకం పెట్టినట్టే లెక్క.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. జీతాల బిల్లులు ఆలస్యం కానీయకు. ఇంక్రిమెంటు కోసమో, మెడికల్ లీవు కోసమో టీచరు రెండోసారి ఆఫీసుకు వచ్చాడంటే ఆ తప్పు నీ సీనియర్ అసిస్టెంటుది, అది అడగకపోతే నీది. యూనియన్ వాళ్లు వస్తే టీ ఇచ్చి వినిపించుకో, రాసుకో, ఆ పూటే మాట ఇవ్వకు. బడుల చుట్టూ తిరిగి సాయపడే సీఆర్పీలను (క్లస్టర్ రిసోర్స్ పర్సన్లను) ఫోటోలు అప్‌లోడ్ చేసే యంత్రాల్లా వాడకు. ఒంటరి టీచరు బడిలో ఆ ఒక్కరూ సెలవు పెడితే ఎవరు వెళ్లాలో ముందే రాసి గోడకు అంటించు, లేకపోతే ఆ రోజు ఆ ఊళ్లో బడి లేనట్టే. రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపులో 'మోస్ట్ అర్జెంట్' అని పెట్టడం మాత్రం నీకు శోభించదు, చెప్తున్నా.

అన్నిటికన్నా ముందు, చేరిన మొదటి వారంలోనే, రెండు చూసి రా. ఒకటి గదుల పైకప్పు. ఆ వైపు పాత బడుల్లో బండల మిద్దెలు ఇంకా ఉన్నాయి. కొత్త గదులు కట్టినా పాతవి పడగొట్టరు, వాటిలో సామాను పెడతారు. తర్వాత వానొస్తే పిల్లల్నీ అక్కడే కూర్చోబెడతారు. శిథిలమైందని కాగితం మీద రాస్తే చాలదు, ఆ గదికి తాళం వేయించి తాళంచెవి నీ దగ్గర పెట్టుకో. రెండోది సాంబారు గుండిగ. దాన్ని పిల్లలచేత మోయించే బడి ఒక్కటి కూడా ఉండకూడదు. ఇది నువ్వు వంద సర్క్యులర్ల కింద పడేసే సంగతి కాదు. పిల్ల ఒంటి మీద వేడి సాంబారు పడితే ఎలా ఉంటుందో చూసినదాన్ని, నా మాట విను. వాళ్ల అమ్మకు నువ్వేం చెప్తావు?

ఇక అసలు సంగతి. హాజరు.

మధ్యాహ్న భోజనం 2003 జనవరిలో మొదలైంది కదా, ఆ తర్వాత ఏడాదో రెండేళ్లో. నేనప్పుడు అటువైపు ఒక మండలంలో ఎంఆర్‌పీని, అంటే మండల రిసోర్స్ పర్సన్‌ని. మండలం పేరూ వద్దు, ఎంఈఓ గారి పేరూ వద్దు. ఆయన దొంగ కాడు. భయస్థుడు. నెలనెలా జిల్లా సమీక్షలో ఒక్కో ఎంఈఓను లేపి హాజరు శాతం అడిగేవాళ్లు. తక్కువ చెప్పినవాడిని అందరి ముందూ నిలబెట్టేవాళ్లు. దీపావళి దాటిందంటే మా మండలం సగం ఖాళీ. ఖరీఫ్ పని అయిపోయి, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాళ్లు గుంటూరు వైపు పత్తికీ మిరపకోతలకూ లారీలెక్కేవాళ్లు. 'సుగ్గికి పోతాండాం మేడమ్' అని చెప్పి మరీ పోయేవాళ్లు, కోతల పనికి వలసపోవడాన్ని అక్కడ అలా అంటారు. ఇల్లంతా పోతే పిల్లలూ పోవాల్సిందే.

ఆయన ఏం చేశాడంటే, నవంబరు నెల మీటింగులో హెడ్మాస్టర్లందరికీ నోటిమాటగా చెప్పాడు: హాజరు తొంభైకి తగ్గితే నా దగ్గరకు రావద్దు అని. కాగితం మీద ఒక్క ముక్క రాయలేదు. అంతే. డిసెంబరుకల్లా గుంటూరు చేలల్లో ఉన్న పిల్లలందరూ రిజిస్టర్లలో బడికి వచ్చేశారు. హాజరు పడ్డాక బియ్యం ఇండెంటూ ఆ లెక్కకే పెట్టాలి. తినేవాళ్లు లేని బియ్యం వచ్చి పడింది. ఆ బియ్యం ఏమైందో నన్నడగకు.

సరిగ్గా అప్పుడే సీజనల్ హాస్టళ్ల ప్రతిపాదన నడుస్తోంది. నీకు తెలిసే ఉంటుంది, అమ్మానాన్న సుగ్గికి పోయినన్నాళ్లు పిల్లలు ఊళ్లోనే బడి గదుల్లో పడుకుని, పొద్దున సాయంత్రం అక్కడే తిని చదువుకునే ఏర్పాటు. ఒక ఆయా, ఒక కేర్‌టేకరు, వంట. ఊరూరా తిరిగి మేం జాబితా రాశాం. ఆ ఫైలు జిల్లా ఆఫీసుకు పట్టుకుపోయింది నేనే. అక్కడి అధికారి జాబితా పక్కన పెట్టి, మా మండలం హాజరు అబ్‌స్ట్రాక్టు తెప్పించుకున్నాడు. వేలితో గీత వెంట చదివాడు. "ఏమమ్మా, నవంబరులో తొంభై ఒకటి, డిసెంబరులో తొంభై రెండు. వలస పోయినవాళ్లు ఎక్కడున్నారు మీ మండలంలో?" అన్నాడు. ఏం చెప్పగలను? రెండు కాగితాల మీదా సంతకం మా ఎంఈఓ గారిదే. ఆ ఏడు మా మండలానికి ఒక్క హాస్టలూ రాలేదు. పక్క మండలం వాళ్లు హాజరు తక్కువని తిట్లు తిన్నారు, హాస్టళ్లు తెచ్చుకున్నారు.

జనవరిలో తనిఖీ వచ్చింది. తలలు లెక్కపెట్టారు. సస్పెండయింది ఎవరనుకున్నావు? రెండు బడుల్లో టీచర్లు. నోటిమాటకు సాక్ష్యం ఉండదు కదా.

ఏప్రిల్లో లారీలు తిరిగొచ్చాక ఒక ఊళ్లో నాలుగో తరగతి పిల్ల కనబడింది. చంటి తమ్ముణ్ణి చంకనేసుకుని బడి గేటు దగ్గర నిలబడింది. రమ్మని చెయ్యి పట్టుకుంటే వెనక్కి లాక్కుంది. మిరపకాయలు తెంపి తెంపి వేళ్ల చివర్లు తోలు లేచి ఎర్రగా ఉన్నాయి. రిజిస్టరులో ఆ పిల్ల నాలుగు నెలలూ హాజరు. ఐదుకు ప్రమోట్ కూడా అయింది. ఐదో తరగతి పుస్తకం ఇస్తే తలకిందులుగా పట్టుకోలేదు, అంతవరకే.

అందుకే చెప్తున్నా, హాజరు పడిపోయిందని రాయడానికి నీకు చెయ్యి వణకకూడదు. ఊరందరిదీ ఒక దారి ఉలిపికట్టెదొక దారి అంటారు, అననీ. మా రోజుల్లో బడుల్లో పిల్లల్ని లెక్కవేసే డైస్ లెక్క సెప్టెంబరు 30 నాటిది. ఆ రోజుకు పిల్లలందరూ ఊళ్లోనే ఉంటారు. వలస మొదలయ్యేది ఆ తర్వాత. అంటే ఏడాదికొకసారి తీసే ఆ లెక్కలో మన పడమటి మండలాల అసలు జబ్బు ఏనాడూ కనపడలేదు. ఇప్పుడు ఆన్‌లైనులో రోజూ హాజరు వేస్తున్నారు గనక దాచడం కష్టమంటారు. వేలు పెట్టేది మనిషేగా. నువ్వు జనవరిలో ఇంకొక లెక్క తీయించు, ఇంటింటికీ పోయి. విద్యాహక్కు చట్టం 9వ సెక్షన్ చదువు. తన పరిధిలోని పద్నాలుగేళ్లలోపు పిల్లల రికార్డు ఉంచడం, వలస కుటుంబాల పిల్లల్ని చేర్చుకోవడం స్థానిక సంస్థ బాధ్యత అని అందులోనే ఉంది. సమీక్షలో లేపితే ఆ కాగితం చూపించు. ఒకసారి తిడతారు. రెండోసారి నీ దగ్గర ఉన్న జాబితా ఇంకెవరి దగ్గరా ఉండదు.

దొంగ లెక్కకు ఆశలు చాలా ఉన్నాయి, అవి కూడా తెలుసుకో. రోల్, అంటే బడి రిజిస్టరులో ఉన్న పేర్లు, ముప్పై దాటితే సమగ్ర శిక్ష గ్రాంటు 10 వేల నుంచి 25 వేలవుతుంది. రోల్ అరవై దాటితే ఇంకో టీచరు. 2022లో జీవో 117 పెట్టి 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు జరిపారు, 2025లో దాన్ని తీసేసి మళ్లీ బడుల రకాలు మార్చారు. ఏ జీవో వచ్చినా చివరికి పోస్టు నిలిచేది రోల్ మీదే. తన పోస్టు పోతుందన్న టీచరు పక్క ఊరి కాన్వెంటు పిల్లల పేర్లు కూడా రాస్తాడు. వాడిని తిట్టేముందు వాడి భయం ఏమిటో విను. విన్న తర్వాత పేర్లు మాత్రం కొట్టేయించు.

బడికి పోయినప్పుడు ఏం చూస్తావు నువ్వు? లెసన్ ప్లాన్, టాయిలెట్, గుడ్లు, ఫోటో. అందరూ అవే చూస్తారు. నువ్వు రెండో తరగతి తెలుగు వాచకం సంచిలో వేసుకుని పో. ఐదో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినీ బయట చెట్టు కింద కూర్చోబెట్టి ఒక పేరా చదివించు. క్లాసులో అందరి ముందూ వద్దు, సిగ్గుపడతారు. గడగడా చదివినవాడిని నమ్మకు, వాడి కళ్లు చూడు. కళ్లు పుస్తకం మీద లేకుండా చదువుతుంటే అది కంఠతా వచ్చిన పాఠం. వేరే పేజీ తెరిచి మధ్య వాక్యం మీద వేలు పెట్టు. అక్కడ ఆగిపోతాడు పాపం. జిల్లాలో నిన్నడిగేది పదో తరగతి ఫలితాలే. ఆ పరీక్షలో తప్పేవాడు నిజానికి మూడో తరగతిలోనే తప్పాడు, మనం ఏడేళ్లు ఆలస్యంగా కనిపెడుతున్నాం.

బడి యాజమాన్య కమిటీల గురించి ఒక మాట. మూడొంతుల మంది తల్లిదండ్రులు, సగంమంది ఆడవాళ్లు అని చట్టం రాసింది. మనవాళ్లు పొద్దున పదకొండింటికి మీటింగు పెడతారు. ఆ వేళకు కమిటీ అంతా కంది చేలో కలుపు తీస్తుంటుంది. తర్వాత మినిట్స్ పుస్తకం ఇంటింటికీ పోయి వేలిముద్రలు తెచ్చుకుంటుంది. చైర్మన్ పేరు భార్యది, వచ్చేది మొగుడు. సాయంత్రం ఆరున్నరకు పెట్టించు, నువ్వు నెలకు రెండు ఊళ్లయినా వెళ్లి కూర్చో. గ్రాంటులో సున్నానికి ఎంత, చాక్‌పీసులకు ఎంత అని పైకి చదివించు. మొదటిసారి ఎవరూ మాట్లాడరు. రెండోసారి ఒక ముసలామె 'చీపుర్లు అన్ని కొన్నారా, యాడుండాయి చూపీ' అంటుంది. ఆమెను వదులుకోకు.

కానీ ఆ మీటింగులకు ఒక్కదానివే స్కూటీ మీద పోయి చీకట్లో తిరిగి రావద్దు. సీఆర్పీని వెంట పెట్టుకో. ఆ దారిలో ఫోను కలవదు. అన్నం టైముకు తిను, మధ్యాహ్నం ఏ బడిలో ఉంటే ఆ బడి పిల్లల పక్కనే కూర్చుని తిను. వంటమనిషికి ముందు చెప్పకుండా పో, అప్పుడే అసలు రుచి తెలుస్తుంది. ఇవన్నీ చదివి 'పెద్దమ్మ నన్నింకా చిన్నపిల్ల అనుకుంటుంది' అని నవ్వుకుంటున్నావేమో. అనుకుంటున్నాను.

మా కాలపు వలస సర్వే ఫారం నా పాత అట్టపెట్టెలో దొరికింది. మీ తమ్ముడు ఫోటో తీసి పంపుతాడు. దసరా సెలవుల్లోపు సీఆర్పీలచేత నింపించు, అప్పుడే హాస్టల్ ప్రతిపాదన వేళకు అందుతుంది. అందులో చివరి రెండు గడులు నేను చేర్పించినవి: ఇంట్లో అవ్వ ఉంటుందా, మూడేళ్లలోపు పిల్లలున్నారా. వాటిని అనవసరమని తీసేస్తారు, తీయనీయకు. అవ్వ ఉన్న ఇంటి పిల్లలు హాస్టల్లో నిలుస్తారు. చంటిబిడ్డ ఉండి అవ్వ లేని ఇంటి ఆడపిల్ల తమ్ముణ్ణి చూసుకోవడానికి లారీ ఎక్కుతుంది. ఆ ఇళ్లకు మాత్రం సీఆర్పీని పంపకుండా నువ్వే పో.

ఇట్లు,
మీ పెద్దమ్మ