వేపాకు మోతాదు తర్వాత... ముందు ఆ గడ్డ చూపించుకోండి

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 46. మాది గాజువాక. మాజీ క్రికెటర్, రాజకీయ నాయకుడు నవజ్యోత్ సింగ్ సిద్ధూ గారి భార్యకు నాలుగో దశ రొమ్ము క్యాన్సర్ వేపాకు, పచ్చి పసుపు, నిమ్మకాయ నీళ్లు, ఉపవాసాలతో 40 రోజుల్లో తగ్గిపోయిందని ఒక వీడియో చూశాను. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో దీని మీద రోజూ వాదనలే. డాక్టర్లు నిజం దాచిపెడుతున్నారని కొందరు, ఆయన చెప్పిందంతా అబద్ధమని కొందరు. ఏది నమ్మాలి? ముందు జాగ్రత్తగా నేనూ ఆ ఆహారం మొదలుపెట్టాను. వేపాకు రోజుకు ఎంత తీసుకోవచ్చు? నాకు షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. నెల రోజులుగా రాత్రి భోజనం మానేశాను. తెల్లవారుజామున చెమటలు పట్టి వణుకు వస్తోంది, ఒంట్లో విషం బయటికి పోవడమేనని గ్రూపులో చెప్పారు. సంక్రాంతి నుంచి ఎడమ రొమ్ములో ఉసిరికాయంత గడ్డ తగులుతోంది. నొప్పి లేదు. మా వంశంలో ఎవరికీ క్యాన్సర్ లేదు. మందుల షాపులో అడిగి రెండుసార్లు యాంటీబయాటిక్ కోర్సు వాడాను, పసుపు పట్టు కూడా వేస్తున్నాను. జడ వేసుకోవడానికి చెయ్యి ఎత్తితే అక్కడ చర్మం కొద్దిగా గుంట పడుతోంది. బరువు తగ్గడం వల్లనే అనుకుంటున్నాను.
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఎక్కువ భాగం సిద్ధూ గారి గురించే ఉంది. నా కన్ను మాత్రం చివరి రెండు వాక్యాల దగ్గర ఆగిపోయింది. చెయ్యి ఎత్తితే చర్మం గుంట పడుతున్న గడ్డను ఇంట్లో పెట్టుకుని కూర్చోకూడదు. ఈ వారంలోనే, వీలైతే రేపే, సర్జన్‌కు చూపించుకోండి. మిగతా ప్రశ్నలకూ జవాబు చెబుతాను గానీ, అవి ఈ పని తర్వాతివి.

అంతకంటే ముందు ఈ రాత్రికే చేయాల్సిన పని ఒకటుంది. గ్లిమెపిరైడ్ మాత్ర తిండి ఉన్నా లేకపోయినా రక్తంలో చక్కెరను దించుతుంది. అది వేసుకుని రాత్రి భోజనం మానేస్తే తెల్లవారుజామున చెమటలు, వణుకు రావడం వింతేమీ కాదు. దాన్ని విషం పోవడం అనుకోవద్దు, షుగర్ పడిపోతోందని అనుమానించాలి. వేపాకుకూ చక్కెరను తగ్గించే గుణం కొంత ఉంది. మూడూ కలిశాయంటే నిద్రలోనే స్పృహ తప్పే ప్రమాదం ఉంటుంది. ఈ రాత్రి నుంచి భోజనం చేయండి. చెమట పట్టిన వెంటనే గ్లూకోమీటరుతో చూసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాలకు మళ్ళీ చూసుకుని, ఏదైనా తినండి. మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు. మోతాదు మార్చాలో లేదో మీకు షుగర్ చూసే డాక్టరు చెప్పాలి. రేపు ఫోను చేసి అడగండి.

ఇక గడ్డ సంగతి. రొమ్ము లోపల చర్మాన్ని పట్టి ఉంచే సన్నని పీచులు ఉంటాయి. గడ్డ వాటిని లోపలికి లాగినప్పుడు చర్మం మీద గుంట పడుతుంది. మామూలుగా కనిపించని గుంట చెయ్యి ఎత్తినప్పుడు బయటపడుతుంది, అందుకే మేము పరీక్షలో రెండు చేతులూ ఎత్తించి చూస్తాం. బరువు తగ్గితే రెండు రొమ్ములూ వదులవుతాయి. గడ్డ ఉన్న చోట మాత్రమే చర్మం లోపలికి పోవడానికి అది కారణం కాదు. పాత దెబ్బ వల్ల కొవ్వు గట్టిపడినా ఒక్కోసారి ఇలాగే కనిపిస్తుంది. మిమ్మల్ని చూడకుండా, చేత్తో తడమకుండా అది క్యాన్సరని నేను అనను, కాదని అసలే అనను. రొమ్ములో కనిపించే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. మీ గడ్డ ఏ కోవకు చెందిందో తేల్చేది మాత్రం పరీక్షలే.

నొప్పి లేదని రాశారు. ఈ ఒక్క మాట మా ఓపీలో ఎంతమంది నోట విన్నానో! నొప్పి ఉంటే మర్నాడే వచ్చేవాళ్లు, లేదు కాబట్టి ఆగారు. రొమ్ము క్యాన్సర్ గడ్డ తొలి రోజుల్లో చాలామందికి నొప్పి పెట్టదు. నెలసరికి ముందు రెండు వైపులా సలుపుతూ, తర్వాత తగ్గిపోయే నొప్పి తరచుగా హార్మోన్ల వల్ల వచ్చేది, అంత భయపడాల్సింది కాదు. మన ఇళ్లల్లో దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటున్నాం.

భీమిలి వైపు నుంచి ఒకావిడ వచ్చారు. పరదా వెనక్కి వెళ్లి జాకెట్టు తీయడానికి చాలాసేపు తటపటాయించారు. తీశాక చూస్తే రొమ్ము మీద నాలుగు మడతలు వేసిన పాత నూలు చీర గుడ్డ, దాని చుట్టూ పౌడరు. పుండు వాసన పక్కవాళ్లకు తెలియకూడదని పౌడరు అద్దుకుంటున్నారు. ఇంట్లో అదే గదిలో పడుకునే కూతురికి కూడా తెలియదు. ఎన్నాళ్ల నుంచి అని అడిగితే, "ముందు గోళీకాయంత ఉండేదండీ, నొప్పి లేదు కదా అని..." అని తల దించుకున్నారు. ఆవిడ మూర్ఖురాలేమీ కాదు. మనవల టీకా తేదీలన్నీ నోటికి చెప్పగలిగిన మనిషి. తన ఒంటి దగ్గరికి వచ్చేసరికి, ఇంట్లో పని తెమిలాక చూద్దాం అనుకున్నారు. మీరూ సంక్రాంతి నుంచి అదే చేస్తున్నారు. కోప్పడుతున్నానని అనుకోకండి. ఆ గుడ్డ మడత కళ్ల ముందు మెదులుతున్నప్పుడు మెత్తగా చెప్పడం నాకు సాధ్యం కావడం లేదు.

వంశంలో ఎవరికీ లేదన్నారు. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి అయిదు నుంచి పది మాత్రమే. మిగిలినవాళ్లలో చాలామందికి ఇంట్లో ఆ జబ్బు మొదటిసారి వాళ్లకే వస్తుంది.

యాంటీబయాటిక్ గురించి గట్టిగానే చెప్పాలి. పాలిచ్చే తల్లికి రొమ్ము ఎర్రబడి, వాచి, జ్వరం వస్తే అది క్రిముల వల్ల వచ్చిన వాపు కావచ్చు, అప్పుడు ఆ మందు పని చేస్తుంది. 46 ఏళ్ల వయసులో జ్వరం లేదు, ఎరుపు లేదు, నొప్పి లేదు. ఏ క్రిమిని చంపడానికి వేసుకున్నారు? మందుల షాపులో అబ్బాయి మీ రొమ్మును పరీక్షించలేడు, మీరు అడిగారు కాబట్టి ఇచ్చాడు. మొదటి కోర్సుకు తగ్గకపోతే రెండో కోర్సుకు వెళ్లడం కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రెండు కోర్సుల వల్ల జరిగిన అసలు నష్టం, ఏదో వైద్యం జరుగుతోందన్న ధీమాతో వారాలు గడిచిపోవడం. పసుపు పట్టుతోనూ అంతే. గడ్డను నూనెతో మర్దనా చేయడం, పిసకడం వంటివి కూడా వద్దు.

పరీక్షలు మూడు అంచెల్లో జరుగుతాయి. సర్జన్ రెండు రొమ్ములు, రెండు చంకలు తడిమి చూస్తారు, చంకలో బిళ్ళ కట్టిందేమో చూడాలి. తర్వాత మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, దానితోపాటు అల్ట్రాసౌండ్. మూడోది ముక్క పరీక్ష, అంటే బయాప్సీ. మత్తు సూది వేసి, ఇంకో సూదితో గడ్డ నుంచి సన్నని పోగులు తీస్తారు, అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందన్న భయంతో చాలామంది ఇక్కడే వెనక్కి తగ్గుతారు. ఆ భయం పెట్టుకోవద్దు. గడ్డ ఏమిటో, అది క్యాన్సరైతే హార్మోన్ చికిత్సకు లొంగే రకమో, హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉండే రకమో ఆ ముక్కే చెబుతుంది. అది తెలియకుండా సరైన మందు ఎంచుకోలేం.

మీరుండేది గాజువాక. అగనంపూడిలోని హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి మీకు దగ్గర. విశాఖ నగరంలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉంది. ఖర్చు భయంతో ఆగి ఉంటే, ఎన్టీఆర్ వైద్యసేవలో రొమ్ము క్యాన్సర్ చికిత్సలు ఉన్నాయి. మీకు వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడగండి.

ఇప్పుడు మీ గ్రూపులో జరుగుతున్న వాదన. నవజ్యోత్ కౌర్ గారు స్వయంగా వైద్యురాలు, అమృత్‌సర్ తూర్పు మాజీ ఎమ్మెల్యే. తనకు క్యాన్సర్ ఉందని, శస్త్రచికిత్స చేయించుకుంటున్నానని 2023 మార్చిలో ఆవిడే ప్రకటించారు. అప్పటికి భర్త జైలులో ఉన్నారు. సిద్ధూ గారు విలేకరుల ముందు ఆహారం గురించి మాట్లాడింది 2024 నవంబరులో. మధ్యలో ఇరవై నెలలు ఉన్నాయి. ఆ ఇరవై నెలలు మీ వీడియోలో లేవు, 40 రోజులే ఉన్నాయి. దుమారం రేగాక, శస్త్రచికిత్స, కీమో, హార్మోన్, టార్గెటెడ్ (క్యాన్సర్ కణాలకే గురిపెట్టే మందుల) చికిత్సలు జరిగాయని, ఆహారం వాటికి తోడుగా మాత్రమేనని ఆయనే వివరణ ఇచ్చారు. ఈలోగా ముంబయి టాటా మెమోరియల్‌లో పని చేస్తున్న, గతంలో చేసిన 262 మంది క్యాన్సర్ వైద్యులు, రుజువు కాని చిట్కాలను నమ్మి చికిత్స ఆలస్యం చేసుకోవద్దని ప్రకటన ఇచ్చారు. మీ అగనంపూడి ఆసుపత్రి ఆ టాటా సంస్థదే.

ఆ దంపతులను తిట్టేవాళ్లతో నేను ఏకీభవించను. చావు అంచుల దాకా వెళ్లిన భార్య కోలుకుంటే భర్త ఉప్పొంగిపోవడం సహజం. ఇంట్లో తమ చేతులతో చేసిందే గుర్తుంటుంది, సెలైన్ సీసాలో ఎక్కింది గుర్తుండదు. మా రోగుల ఇళ్లలోనూ అంతే. ఆవిడ బాగుండాలి. ఆ మాటలు విని కీమో మధ్యలో ఉన్నవాళ్లు "ఇక ఆపేయవచ్చా" అని అడగడం మొదలుపెట్టారే, నా బాధ అదీ.

ప్రముఖుల భార్యల జబ్బు జనాన్ని కదిలించడం కొత్త కాదు. 1974 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఫోర్డ్ భార్య బెట్టీ ఫోర్డ్‌కు మామూలు తనిఖీలో రొమ్ములో గడ్డ బయటపడింది. ఆ రోజుల్లో నలుగురిలో పైకి అనడానికే జంకే జబ్బు పేరును ఆవిడ దాచకుండా చెప్పించారు. మహిళలు పరీక్షలకు బారులు తీరారు. కొద్ది వారాల్లోనే, ఉపాధ్యక్ష పదవికి ఎంపికైన రాక్‌ఫెల్లర్ భార్య తన గడ్డను తానే గుర్తించి ఆపరేషన్ చేయించుకున్నారు. ఆ ఏడాది అక్కడ రొమ్ము క్యాన్సర్ లెక్కలు ఒక్కసారిగా పెరిగాయి. జబ్బు పెరిగి కాదు, దాగి ఉన్నది బయటపడి. 1987లో అధ్యక్షుడు రీగన్ భార్య నాన్సీ రొమ్ము మొత్తం తీయించుకున్నారు. అది ఆవిడ ఇష్టం. ఆ తర్వాత కొన్ని నెలలపాటు, గడ్డ మాత్రమే తీసి రొమ్మును నిలిపే ఆపరేషన్‌ను ఎంచుకున్నవాళ్లు దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. ఒకరి కథ విని తమ ఒంటి మీద నిర్ణయం తీసుకున్నారన్నమాట. మీరు బెట్టీ ఫోర్డ్ గారి కథ విన్న ఆడవాళ్లలా స్పందిస్తే చాలు.

డాక్టర్లకు మొక్కల మీద పగ ఉందనేది మీ గ్రూపులో మరో వాదన కావచ్చు. రొమ్ము క్యాన్సర్‌కు మేము మామూలుగా ఇచ్చే పాక్లిటాక్సెల్ అనే కీమో మందు మొదట ఒక చెట్టు బెరడు నుంచి దొరికింది. మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్‌ను రక్త క్యాన్సర్లకు ఇస్తున్నాం. మందును వేరు చేసి, మోతాదు కట్టి, మనుషుల్లో పరీక్షించి చూశాకే ఇస్తున్నాం. బిళ్ళగన్నేరు ఆకులు నమలమని ఎవరికీ చెప్పం. వేపకూ అదే న్యాయం. క్యాన్సర్‌కు వేపాకు ఇంత అని చెప్పడానికి మనుషుల్లో రుజువైన మోతాదు లేదు, కాబట్టి మీరు అడిగిన అంకె నేను ఇవ్వలేను. ఉగాది పచ్చడిలో వేపపువ్వు, కూరలో పసుపు మానక్కర్లేదు. పసుపు సారం గుళికలు వేరు. అవి టామాక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర రక్తంలో చేరే మోతాదును తగ్గించవచ్చు. చికిత్సలో ఉన్నవాళ్లు ఏ గుళికైనా చెప్పకుండా వేసుకోవద్దు. తీపి తగ్గించడం షుగర్ ఉన్న మీకు మంచిదే. కడుపు మాడ్చుకుంటే మాత్రం గడ్డ కంటే ముందు కండ కరుగుతుంది. రేపు ఒకవేళ కీమో అవసరమైతే తట్టుకోవడానికి ఆ కండే కావాలి. గుడ్డు, చేప, పప్పు, పెరుగు తినండి.

ఇది పత్రికా ముఖంగా ఇస్తున్న సలహా, పరీక్షకు బదులు కాదు. మీ డాక్టరు చూసి చెప్పేదే మీకు వర్తిస్తుంది. వెళ్లేటప్పుడు ఒక్కరే వెళ్లకండి, ఇంట్లో విషయం చెప్పి ఎవరినైనా తోడు తీసుకెళ్లండి. వాడిన యాంటీబయాటిక్ ఖాళీ అట్టలు, షుగర్ మాత్రలు, నెలసరి తేదీ రాసుకున్న కాగితం దగ్గర పెట్టుకోండి. మామోగ్రామ్ రోజున చంకల్లో పౌడరు, స్ప్రే వద్దు, ఫిల్ములో మచ్చల్లా కనిపించి తికమక పెడతాయి. పసుపు పట్టు ఈ రోజే కడిగేయండి, చర్మం అసలు రంగు సర్జన్‌కు కనిపించాలి.