మన జట్టు ఆడే రోజు అవతలి వాళ్ల భాషలో వినండి

ఇంగ్లీషు కాకుండా వేరే భాషల్లో కామెంటరీ వింటే మజా ఉంటుందా, మీరు ఏ భాషలో వింటారు అని అడిగారు. నా పద్ధతి కాస్త వంకర. మన జట్టు ఆడుతుంటే నేను అవతలి జట్టు వాళ్ల భాష పెట్టుకుంటాను.

ఈ పిచ్చి నాకు 2022 మార్చి 20న అంటుకుంది. ఆ రోజు గోవాలో ఐఎస్‌ఎల్ ఫుట్‌బాల్ ఫైనల్. మన హైదరాబాద్ ఎఫ్‌సీకి, కేరళ బ్లాస్టర్స్‌కి. కొండాపూర్‌లో మా ఆఫీసు మలయాళీ కుర్రాళ్ల ఫ్లాట్‌లో చూశాం. గదినిండా పసుపు టీషర్టులు, హైదరాబాద్ తరఫున నేనొక్కణ్ణే. కామెంటరీ మలయాళంలోనే పెట్టారు, వాళ్ల ఇల్లు కాబట్టి నేను నోరెత్తలేదు. ఆటగాళ్ల పేర్లు, గోల్, కార్నర్ తప్ప నాకు ఒక్క ముక్క అర్థం కాదు. 68వ నిమిషంలో వాళ్ల రాహుల్ కేపీ గోల్ కొట్టాడు. గదిలో వాళ్ల అరుపుల్ని మించి టీవీ అరిచింది. ఆ కామెంటేటర్ ఊపిరి ఎప్పుడు తీసుకుంటున్నాడో తెలియలేదు.

ఇంకో రెండు నిమిషాల్లో మ్యాచ్ అయిపోతుందనగా మన సాహిల్ తవోరా బాక్స్ బయటి నుంచి గాల్లో ఉన్న బంతిని ఒక్క తన్ను తన్నాడు. 1-1. టీవీలో గొంతు అమాంతం పడిపోయింది. పేరు ఒక్కసారి చెప్పి ఆగిపోయాడు. తర్వాత అదనపు సమయం, ఆపైన పెనాల్టీలు. మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ఒకటి కాదు, మూడు ఆపాడు. మొదటిది ఆపినప్పుడు కామెంటరీలో ఇంకా ఆశ ఉంది. మూడోది ఆపేసరికి అది వార్తలు చదువుతున్నట్టుంది. షూటౌట్ 3-1, కప్పు మనది. గెలిచిన సంతోషం ఒక ఎత్తయితే, అది ఎంత పెద్ద గెలుపో ఓడినవాళ్ల గొంతులో వినడం ఇంకో ఎత్తు. ఇద్దరికీ సమానంగా మాట్లాడే ఇంగ్లీషు కామెంటరీలో ఇది దొరకదు. (ఆ రాత్రి నాకు అన్నం పెట్టారు. ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.)

2024 ఏప్రిల్ 15న సన్‌రైజర్స్ బెంగళూరులో ఆర్‌సీబీ మీద 287 కొట్టిన ఐపీఎల్ మ్యాచ్ కూడా అందుకే కన్నడలో విన్నాను. మనకు కన్నడ కొంత అర్థమవుతుంది, అర్థం కానిది ట్రావిస్ హెడ్ బ్యాట్ చెప్పేసింది. 39 బంతుల్లో సెంచరీ. ఇక అయిపోయిందిలే అనుకుంటే రెండో ఇన్నింగ్స్‌లో వాళ్ల దినేశ్ కార్తీక్ 35 బంతుల్లో 83 బాదాడు. చచ్చిన గొంతులన్నీ మళ్లీ లేచాయి. స్కోరు చూస్తే మనమే గెలిచేలా ఉన్నాం, కామెంటరీ వింటే మాత్రం టెన్షన్. చివరికి వాళ్లు 262 దగ్గర ఆగారు.

కబడ్డీకి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, అది తెలుగులోనే వినాలి. ప్రో కబడ్డీ వస్తే మా మామయ్య కుర్చీ టీవీకి దగ్గరగా లాక్కుంటాడు. ఊళ్లో ఆడినవాడు. కోర్టులో ఆరుగురి కంటే తక్కువ డిఫెండర్లు ఉన్నప్పుడు రైడర్ బోనస్ లైన్ దాటితే, "ఇప్పుడు బోనస్ ఎక్కడిదిరా" అని కామెంటేటర్ కంటే ముందే అరుస్తాడు. ఆ వెంటనే టీవీలో అదే మాట తెలుగులో వస్తే ఆయన ముఖం చూడాలి. అదే హిందీలో పెడితే పావుగంటలో లేచి వెళ్లిపోతాడు.

తెలుగు క్రికెట్ కామెంటరీ బోర్ అనేవాళ్లతో నేను సగమే ఏకీభవిస్తాను. సినిమా డైలాగులు ఎక్కువ, నిశ్శబ్దం అస్సలు ఉండదు. బొమ్మ కనిపిస్తూనే ఉంది కాబట్టి, దానికి కొత్తగా ఏదైనా కలపగలిగితేనే మాట్లాడాలన్నది ఆస్ట్రేలియా కామెంటేటర్ రిచీ బెనో పద్ధతి. మనవాళ్లకు అది ఇంకా ఎక్కలేదు. కానీ వెంకటపతి రాజు ఎడమచేతి స్పిన్ గురించో, ఎమ్మెస్కే ప్రసాద్ వికెట్ల వెనక కాళ్ల కదలిక గురించో మొదలుపెడితే వేరే భాషకు మారబుద్ధి కాదు. టెస్టులకు మాత్రం నేను ఇంగ్లీషే వింటాను. మన హైదరాబాదీ హర్షా భోగ్లే ఉంటే మరీ మంచిది. ఆయన కూడా ఆకాశవాణి నుంచి వచ్చినవాడే.

ఆకాశవాణి అంటే, మా నాన్నగారి తరం వాళ్లకు ఈ ప్రశ్నే వింతగా ఉంటుంది. రేడియోలో కాసేపు హిందీ, కాసేపు ఇంగ్లీషు. ఎంచుకోవడం లేదు, రెండూ వినాల్సిందే. సుశీల్ దోషీ హిందీ కామెంటరీ వినీ వినీ, ఫీల్డర్లు ఎక్కడెక్కడ ఉన్నారో నాన్నగారు కళ్లు మూసుకుని చెప్పేవారు. టీవీ మ్యూట్ చేసి రేడియో పెట్టుకోవడం ఆయన అలవాటు. ఇప్పుడు యాప్‌లో అది కుదరదు, బొమ్మ వెనకబడుతుంది. మా అపార్ట్‌మెంట్‌లో పైఫ్లోర్ వాళ్లకు కేబుల్ ఉంది. వాళ్లు అరిచాక మా ఇంట్లో బౌలర్ పరుగెత్తడం మొదలుపెడతాడు.

మీరు మొదలుపెట్టాలనుకుంటే కొంచెమైనా అర్థమయ్యే కన్నడతోనో తమిళంతోనో మొదలుపెట్టండి. 2023లో జియోసినిమా ఐపీఎల్‌ని భోజ్‌పురిలో కూడా ఇచ్చినప్పుడు మా ఇంట్లో నవ్వలేక చచ్చాం, అదీ ఒకసారి వినదగ్గదే. భాష మాత్రం ఓవర్ మధ్యలో మార్చకండి. యాప్ గిర్రున తిరుగుతుండగానే వికెట్ పడిపోతుంది, అది పైఫ్లోర్ వాళ్లు చెబితే గానీ తెలియదు.