రెండేళ్ల పాప, మూడున్నరేళ్ల బాబుతో సిటీ మధ్యలో ఒక రోజంతా గడపడం కుదిరే పనేనా?

కుదురుతుంది. కాకపోతే మీరు రాసిన ప్లాన్‌తో కాదు. పొద్దున మ్యూజియం, మధ్యాహ్నం పార్కు, తర్వాత షాపుల వీధి, చీకటి పడ్డాక లైట్లు అని రాశారు. ఆ వయసు పిల్లలకి ఇందులో ఏదో ఒక్కటి చాలు. మిగతావి వేరే రోజులకి ఉంచండి. మీ అమ్మగారిని కూడా తీసుకెళ్లాలా అని అడిగారు, ఆ సంగతి చివర్లో చెప్తాను.

మా పిల్లలిద్దరూ ఇంచుమించు ఇదే వయసులో ఉన్నప్పుడు సెలవు దొరికితే చాలు, సిటీ మధ్యకే వెళ్లేవాళ్లం. అప్పుడు నాకు బాగా తెలిసొచ్చింది ఏమిటంటే, ఈ వయసులో "చూడాల్సిన చోటు" అంటూ ఏదీ ఉండదు. మన కళ్లు మ్యూజియం గేటు మీద ఉంటాయి, వాళ్ల కళ్లు దారిలో మ్యాన్‌హోల్ మూత మీద ఉంటాయి. బస్సు తలుపు బుస్సుమని తెరుచుకోవడం, సిగ్నల్‌లో నడిచే మనిషి బొమ్మ వెలగడం, లిఫ్ట్‌లో అంకెలు మారడం, ఇవన్నీ వాళ్లకి మొదటిసారి. వాటి దగ్గర ఆగనివ్వండి. లోపలికి వెళ్లాక చూసే వాటికంటే ఇవే ఎక్కువ రోజులు తలుచుకుంటారు, మా ఇంట్లో అదే జరిగింది.

పిల్లలు నడవలేరేమో అని మీరు భయపడుతున్నారు. నడవలేక కాదండీ. న్యూయార్క్ యూనివర్సిటీ పరిశోధకులు 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 12 నుంచి 19 నెలల పిల్లలు ఆడుకుంటూ గంటకి సగటున 2,368 అడుగులు వేశారు, సుమారు 700 మీటర్లు తిరిగారు, 17 సార్లు పడి లేచారు. మీ పాప వాళ్లకంటే పెద్దదే కాబట్టి కాళ్లలో సత్తువకి లోటుండదు. చిక్కల్లా, ఆ అడుగులన్నీ మనం వెళ్లే వైపే పడాలని లేదు. ముందుకి నాలుగు, పక్కకి రెండు, మళ్లీ వెనక్కి. మ్యాప్‌లో పది నిమిషాలని ఉంటే అరగంట వేసుకోండి. ఫలానా టైముకే చేరాలన్న టికెట్లు కొనకండి. తొందర పెట్టాల్సిన పని లేకపోతే ఆ రోజు గొడవల్లో సగం అసలు పుట్టవు.

స్ట్రోలర్ తప్పకుండా తీసుకెళ్లండి, బాబు నడుస్తానన్నా సరే. కానీ రోజంతా అందులోనే కట్టి కూర్చోబెట్టకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఐదేళ్లలోపు పిల్లల్ని స్ట్రోలర్‌లో కానీ కుర్చీలో కానీ ఒకేసారి గంటకి మించి కదలనివ్వకుండా ఉంచొద్దని ఉంది. మేము జనం ఉన్నచోట కూర్చోబెట్టి, ఖాళీ స్థలం కనపడగానే దింపేసేవాళ్లం. ఎండగా ఉందని స్ట్రోలర్ మీద దుప్పటో టవలో మొత్తం కప్పేసేవాళ్లని చూస్తుంటాను. దయచేసి అలా చేయకండి, గాలి ఆడక లోపల వేడి బాగా పెరిగిపోతుంది. పైకప్పు ఉన్నది వాడి, నీడలో నడవడం మేలు. ఎస్కలేటర్ మీదకి స్ట్రోలర్ ఎక్కించొద్దు, ఎంత దూరమైనా లిఫ్ట్ వెతుక్కోండి. పిల్లల్ని ఎస్కలేటర్ ఎక్కిస్తే మధ్యలో నిలబెట్టండి. మెత్తటి రబ్బరు చెప్పులు అంచుల్లో ఇరుక్కుంటాయి.

రోడ్డు దాటేటప్పుడు ఒక సంగతి చాలామందికి తట్టదు. ఆగి ఉన్న రెండు బళ్ల మధ్య నుంచి తొంగిచూస్తున్నప్పుడు మన కళ్లకంటే ముందు స్ట్రోలర్ రోడ్డు మీదకి వెళ్లిపోతుంది. అంటే వచ్చే బండి మనకి కనపడేసరికే పాప దాని దారిలో ఉంటుంది. సిగ్నల్ దాకా నడిచి దాటండి, ఆగినప్పుడు స్ట్రోలర్‌ని అంచు నుంచి ఒక బారెడు వెనక్కి లాగి పట్టుకోండి. ఫుట్‌పాత్ మీద నడిచే పిల్లాడు గోడ వైపు, మీరు రోడ్డు వైపు.

ఇక చెయ్యి పట్టుకోవడం. అందరూ వివరంగా చెప్పనిది ఇదే కాబట్టి కాస్త ఆగి చెప్తాను. పిల్లలు ఉన్నట్టుండి కూలబడిపోతారు, లేదా రోడ్డు వైపు ఉరుకుతారు. అప్పుడు మణికట్టు దగ్గర పట్టుకుని ఒక్క గుంజు గుంజితే మోచేతి దగ్గర ఎముక తల దాన్ని పట్టి ఉంచే పట్టీ కింద నుంచి కొద్దిగా జారొచ్చు. డాక్టర్లు దీన్ని నర్స్‌మెయిడ్స్ ఎల్బో అంటారు. ఎక్కువగా ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో వస్తుంది, ఎందుకంటే ఆ వయసులో ఆ పట్టీ ఇంకా వదులుగా ఉంటుంది. మా చెల్లెలి కొడుక్కి మెట్లెక్కిస్తుంటే ఇలాగే అయింది. వాపు లేదు, గాయం లేదు, కానీ చెయ్యి ఒంటికి ఆనించుకుని అస్సలు కదపడు. డాక్టరు చెయ్యి తిప్పి సరిచేశారు, కాసేపటికే మామూలుగా ఆడుకున్నాడు. ఇంట్లో మీరే సరిచేయబోవద్దు, వేరే దెబ్బేమైనా ఉందేమో డాక్టరే చూడాలి. ఇద్దరు పెద్దవాళ్లు చెరో చెయ్యి పట్టుకుని పిల్లల్ని గాల్లో ఊపే ఆట కూడా ఇందుకే వద్దు. ఎత్తాలంటే చంకల కింద చేతులు పెట్టి ఎత్తండి. గట్టిగా లాగకుండానే ఆపగలగాలంటే, అరచేతిలో అరచెయ్యి పెట్టుకుని పిల్లాడి పక్కనే నడవాలి, రెండడుగులు ముందు కాదు.

నిద్ర దగ్గర రాజీ పడకండి. పైన చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం మీ పాప వయసుకి పగటి నిద్రతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటలు, బాబు వయసుకి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. పాప పగటి నిద్ర టైము ఎప్పుడో మీకు తెలుసు. ఆ టైముకి ఇంటి దారిలో ఉండేలా చూసుకోండి, లేదా స్ట్రోలర్‌లోనే పడుకునేలా చప్పుడు తక్కువున్న చోటికి చేరండి. పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నానికి ముగించే రోజుని కూడా "రోజంతా" అనే లెక్కేయండి, పిల్లలకి అది నిండు రోజే. లైట్లు చూపించాలని ఉంటే ఇంకో రోజు, మధ్యాహ్నం నిద్ర లేచాక బయల్దేరండి.

బాబుకి డైపర్ మానేసి ఎక్కువ రోజులు కాలేదన్నారు. చేరగానే ముందు టాయిలెట్ ఎక్కడుందో చూసి, అవసరం ఉన్నా లేకపోయినా ఒకసారి తీసుకెళ్లండి. దానంతటదే ఫ్లష్ అయ్యే వాటికి కొందరు పిల్లలు బెదిరిపోతారు. సెన్సర్ మీద చిన్న కాగితం అంటిస్తే కూర్చున్నంతసేపు ఫ్లష్ అవదు. చేతులు ఆరబెట్టే యంత్రం కూడా సరిగ్గా వాళ్ల చెవుల దగ్గరే హోరెత్తుతుంది, రుమాలుతో తుడిచేయండి. ఇంకో జత బట్టలు ఉండనే ఉండాలి, ఇది చెప్పక్కర్లేదు.

తప్పిపోతే ఎలా అన్న భయం అందరికీ ఉంటుంది. ఇంట్లోంచి కదిలే ముందు ఇద్దరికీ నిలువెత్తు ఫోటో తీయండి, ఆ రోజు ఏ బట్టలు వేశారో కంగారులో గుర్తురాదు. మీ నంబరు వాళ్ల చేతి మీద పెన్నుతో రాయండి. పిల్లాడు కనపడకపోతే ముందు రోడ్డు, నీళ్లు, మెట్లు ఉన్న వైపు చూడండి. నిశ్శబ్దంగా వెతకొద్దు. "ఎరుపు చొక్కా, మూడేళ్ల బాబు" అని గట్టిగా అరవండి, చుట్టూ ఉన్న పాతికమంది కళ్లు మీతో పాటు వెతుకుతాయి.

అమ్మగారిని తీసుకెళ్లండి. పిల్లలిద్దర్నీ చెరొకరు చూసుకుంటుండగా ఇంకొకరు కూడా ఉంటే టికెట్ లైన్లో నిలబడటానికో, బ్యాగ్ చూసుకోవడానికో ఎవరూ పిల్లల్ని వదలాల్సిన పని ఉండదు. అయితే ఎవరు ఎవర్ని చూస్తున్నారో ప్రతిచోటా పైకి చెప్పుకోండి: "పాప నా దగ్గరుంది, బాబుని మీరు చూడండి" అని. మేము మా అత్తగారితో వెళ్లినప్పుడు ఇలాగే చెప్పుకునేవాళ్లం. మీ అమ్మగారి కాళ్లకి కూడా విశ్రాంతి కావాలి కాబట్టి కూర్చోవడానికి బెంచీలున్న చోటే ఎంచుకోండి. మీరు రాసిన నాలుగింటిలో నేనైతే పార్కే అంటాను.