పోలిక ఎక్కడ మొదలెట్టాలి

అమ్మాయీ,

నీ వ్యాసం చదివాను. ఊసరవెల్లినీ, సఫిరైనా అనే సముద్రపు ప్లవకాన్నీ (నీటి వాలున తేలిపోయే చిన్న జీవి) పక్కపక్కన పెట్టాలన్న ఆలోచన బాగుంది. కానీ మొదటి పేజీ అంతా "అది కొమ్మ మీద, ఇది కడలిలో, అది పెద్దది, ఇది చిన్నది" అంటూనే గడిచిపోయింది. ఆ లెక్కన ఏనుగునీ చీమనీ పోల్చినా అంతే గదా. రెండింటినీ కలిపే అసలు ముడి ఎక్కడో ఏడో పేరాలో ఒక్క వాక్యంగా పడి ఉంది: రెండింటి మెరుపుకీ మూలం గ్వానిన్ స్ఫటికాలే. మన డీఎన్ఏలో ఉండే గ్వానినే. చేప పొలుసు తీసేటప్పుడు కనబడే వెండి తళుకూ దానిదే. అక్కణ్ణుంచి ఎత్తుకో.

తర్వాత నింపాదిగా చెప్పు. మడగాస్కర్ పాంథర్ ఊసరవెల్లి మీద జెనీవా విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో తేల్చింది ఇది: మగది కుదురుగా ఉన్నప్పుడు చర్మకణాల్లో స్ఫటికాలు దగ్గరదగ్గరగా ఉండి నీలి వెలుగును తిప్పికొడతాయి. దానికి చర్మంలోని పసుపు రంగు తోడై మనకు ఆకుపచ్చగా కనబడుతుంది. ఎదురుగా ఇంకో మగది వచ్చిందా, స్ఫటికాల మధ్య ఎడం పెరిగి ఒళ్లు పసుపు, నారింజలకు తిరుగుతుంది. ఆ మార్పు ఆకుల్లో దాక్కోవడానికి కాదు, కయ్యానికి. కాబట్టి "పరిసరాన్ని బట్టి రంగు మార్చే మోసగాడు" అన్న వాక్యం కొట్టెయ్. రాజకీయ నాయకులను తిట్టడానికి పనికొస్తుంది గానీ ఆ జీవికి అన్యాయం.

సఫిరైనా దగ్గర నువ్వు తొందరపడ్డావు. మగదాని వీపు మీద ఆరు మూలల గ్వానిన్ పలకలు దొంతరలుగా ఉంటాయి. ఇక్కడా పలకల నడుమ ఎడమే రంగును నిర్ణయిస్తుందని అదే ఏడాది ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ వాళ్లు చూపించారు. ఒక జాతిలోనైతే ఇంకా చిత్రం: వెలుగుకు 45 డిగ్రీలు వాలిందంటే తిప్పికొట్టే కాంతి అతినీలలోహితంలోకి జారిపోతుంది. అంతవరకూ నీలంగా మెరిసింది కాస్తా మన కంటికి మాయం! ఆడదానికి ఈ హంగులేవీ లేవు. అన్నట్టు, సఫిరైనా సూక్ష్మదర్శినికి తప్ప కనబడదని రాశావు. కొన్ని మిల్లీమీటర్లుంటుంది, మెరిసినప్పుడు మామూలు కంటికే దొరుకుతుంది. సూక్ష్మమైనవి ఆ పలకలు.

"అద్భుతం", "మాయాజాలం" ఒకే పేరాలో నాలుగుసార్లు వచ్చాయి, తీసెయ్. ఫోటో కూడా మార్చు, నువ్వు పంపింది తలెర్రబడిన తొండది. తొండ ముదిరి ఊసరవెల్లి అయ్యేది సామెతలోనే. వీలైతే ఫోటో బదులు స్ఫటికాల ఎడం చూపించే గీతల బొమ్మ ఒకటి వేయించు.