మణికట్టు విరిగితే పిండికట్టు చాలా, ప్లేటు వేయించాలా?

"మా నాన్నగారు బాత్రూంలో జారిపడ్డారు, మణికట్టు విరిగింది. ఒక డాక్టరు పిండికట్టు చాలంటున్నారు, ఇంకో ఆసుపత్రిలో ప్లేటు వేయాలంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?" అని మీరు అడిగారు. నన్నడిగితే ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు. ఈ ఎముక మొదటి రోజు ఒకలా ఉంటుంది, వారం గడిచాక ఇంకోలా ఉంటుంది. మా అమ్మ చేయి దగ్గర నేను కళ్ళారా చూశాను.

మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. ఇంటి ముందు బండలు బాగానే ఉండగా తీయించి, నున్నగా మెరిసే టైల్స్ వేయించారు. ఈ టైల్స్ పిచ్చి ఏ మేస్త్రీ అంటించాడో గానీ, ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా పెద్దవాళ్ళు గోడ పట్టుకునే నడుస్తున్నారు. తెల్లారి వాకిలి కడుగుతూ అమ్మ కాలు జారి, అరచెయ్యి నేలకు ఆనించి పడింది. లేచేసరికే చెయ్యి వంకర పోయింది. పక్కింటి పిన్ని "పుత్తూరు తీసుకెళ్ళండి" అంది, మా బాబాయి "బెణికి ఉంటుంది, పసుపు పట్టు వేయండి" అన్నాడు. పుత్తూరు కట్టుకు వందేళ్ళు దాటిన పేరుంది, కాదనను. కానీ లోపల ఎముక ఎన్ని ముక్కలైందో, కీలు లోపలికి చీలిందో లేదో ఎక్స్-రే చూడకుండా ఎవరూ చెప్పలేరు. కారెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

క్యాజువాలిటీలో మొదటి గొడవ గాజులతో వచ్చింది. చెయ్యి అప్పటికే ఉబ్బిపోయింది. మట్టి గాజులు పగలగొడదామని నర్సు అంటే మా అమ్మ ససేమిరా అంది. "మా ఆయన ఎదురుగా ఉండగా నా గాజులు పగలగొడతారా?" అని ఆ నొప్పిలోనే కేకలేసింది. పాపం ఆ నర్సమ్మ విసుక్కోకుండా సబ్బు నీళ్ళు పోసి ఒక్కొక్కటే తీసి, రెండో చేతికి తొడిగింది. ఉంగరం మాత్రం రాలేదు, కట్టర్‌తో కోశారు. అందుకే నేను అందరికీ చెప్పేది ఒకటే: పడిన వెంటనే, ఆటో పిలవకముందే, గాజులూ ఉంగరాలూ తీసేయండి. వాపు వచ్చాక అవి కదలవు, పైగా వేళ్ళకు రక్తం అందకుండా చేస్తాయి.

డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు చెయ్యి చూడగానే "కోలీస్ ఫ్రాక్చర్" అనేశాడు. ముంజేతిలో బొటనవేలి వైపుండే పెద్ద ఎముక, రేడియస్, చివర విరిగి వెనక్కి ఒరిగితే చెయ్యి పక్కనుంచి ఫోర్కులా వంగి కనిపిస్తుందట. ఐర్లాండ్ సర్జన్ అబ్రహాం కోలీస్ దీని గురించి 1814లోనే రాశారు. ఎక్స్-రే వచ్చింది 1895లో. అంటే కంటితో చూసి, చేత్తో తడిమి పట్టుకున్నారన్నమాట. ఇప్పుడు కొందరు చెయ్యి ముట్టుకోకుండానే ఫోన్‌లో ఎక్స్-రే ఫోటో చూసి "అడ్మిట్ అవ్వండి" అంటున్నారు. మాకైతే ఆ కుర్రాడు ముందు వేళ్ళన్నీ కదిలించమన్నాడు, తిమ్మిరి ఉందా అని బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తాకి చూశాడు. మణికట్టులోంచి వెళ్ళే మీడియన్ నరం నలిగితే ముందు తిమ్మిరెక్కేది ఆ వేళ్ళకేనట. ఆ తర్వాతే ఎక్స్-రే, అదీ ఎదురు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. ఒక్క ఫిల్మ్‌తో సరిపెట్టే చోట నాకు నమ్మకం కుదరదు. ఎముక వెనక్కి ఎంత ఒరిగిందో తెలిసేది పక్క నుంచి తీసినదాంట్లోనే.

తర్వాత సరిచేయడం. విరిగిన చోటే సూది దింపాడు. సిరంజిలోకి నల్లటి రక్తం రాగానే మత్తుమందు ఎక్కించాడు. ఎముక చీలికలోకే దింపామని ఆ రక్తమే గుర్తట. కాసేపాగి, వార్డు బాయ్ మోచేతి పైన గట్టిగా పట్టుకున్నాడు, డాక్టరు వేళ్ళు పట్టుకుని నిదానంగా, వదలకుండా లాగుతూ ఉన్నాడు. "ఎన్ని ఎకరాలమ్మా మీకు?" అని మాటల్లో పెట్టాడు. అమ్మ పొగాకు రేటు గురించి మొదలుపెట్టింది. ఆ మాట సగంలో ఉండగానే రెండు బొటనవేళ్ళతో ఎముకను నొక్కి కిందికి వంచాడు. కటుక్కుమంది. నాకు కళ్ళు తిరిగాయి గానీ అమ్మ "అయిపోయిందా నాయనా" అంది, అంతే.

ముందే చుట్టూ కట్టు వేయలేదు, ఒక వైపు స్లాబ్, అంటే సగం పిండికట్టు, పెట్టి బ్యాండేజీ చుట్టాడు. వాపు ఇంకా పెరుగుతుంది కాబట్టి నిండు కట్టు వేస్తే లోపల బిగుసుకుపోతుందట. చెయ్యి గుండె కంటే ఎత్తులో పెట్టాలి, వేళ్ళు రోజంతా ఆడించాలి, నొప్పి ఆగకుండా పెరిగినా వేళ్ళు నీలం తిరిగినా అర్ధరాత్రైనా రావాలి అన్నాడు. కట్టు మీద మళ్ళీ ఎక్స్-రే తీశారు. ఎముక చక్కగా కూర్చుంది. బంధువులంతా "ఆపరేషన్ తప్పింది" అని సంబరపడ్డారు.

నేను అసలు చెప్పాలనుకున్నది ఇక్కడుంది. వారం తర్వాత రమ్మని చీటీ మీద రాసిచ్చారు. మా ఊళ్ళో సగం మంది ఆ చీటీ పారేస్తారు, "కట్టు ఉందిగా, ఇంకెందుకు ఖర్చు" అని. మేం వెళ్ళాం. పెద్ద డాక్టరు గారు పాత ఫిల్మ్, కొత్త ఫిల్మ్ పక్కపక్కన లైటు మీద పెట్టి స్కేలుతో గీత గీశారు. మామూలుగా ఈ ఎముక కీలు సుమారు 11 డిగ్రీలు అరచేతి వైపు వాలి ఉంటుంది. అమ్మది మళ్ళీ వెనక్కి జారిపోయింది, పొట్టి కూడా అయింది. వెనుక వైపు ఎముక పొడిపొడి కావడంతో నిలబడటానికి ఆసరా లేదు. వెనక్కి 10 డిగ్రీలకు మించి వాలినా, కీలు లోపల 2 మిల్లీమీటర్లకు మించి మెట్టులా ఏర్పడినా, ఎముక బాగా కుంచించుకుపోయినా ఆపరేషన్ గురించి ఆలోచిస్తామన్నారు. 65 దాటి, ఇంట్లో చిన్న పనులే చేసుకునేవారైతే కొంచెం వంకరగా అతుక్కున్నా చెయ్యి బాగానే పనిచేస్తుందని కూడా ఆయనే చెప్పారు. అమ్మకు ఆ వయసు రాలేదు. గేదె పాలు పితికే చెయ్యి. ప్లేటు వేయించాం.

మత్తు చేతికి మాత్రమే ఇచ్చారు, భుజం దగ్గర సూది. థియేటర్లోంచి వచ్చాక చాలాసేపు "నా చెయ్యి ఏదిరా?" అని రెండో చేత్తో వెతుక్కుంది. ప్లేటు మణికట్టు ముందు వైపు పెడతారు, స్క్రూలు ప్లేటుకే బిగుసుకుంటాయి కాబట్టి గుల్ల ఎముకలోనూ పట్టు ఉంటుంది. ఇబ్బంది పెట్టకపోతే మళ్ళీ తీయక్కర్లేదు. ఇక ఇంటికొచ్చిన ప్రతివాడూ "డబ్బుల కోసమే కోశార్రా" అనడం. ఆ రెండు ఫిల్ములూ చూసినవాడు ఒక్కడూ లేడు గానీ తీర్పు మాత్రం అందరి దగ్గరా రెడీ. అలాగని ఆసుపత్రులన్నీ సత్యసంధులని నేననను. మా పెదనాన్నకు ఎముక కదలనే లేదు, సన్న చీలిక. ఒక చోట మర్నాడే ప్లేటు వేస్తామన్నారు. ఇంకో చోట చూపిస్తే కట్టుతోనే అతుక్కుంది.

పెద్ద ఎముక సంగతి ఇలా ఉంటే, చిన్న ఎముకది ఇంకా మోసం. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. వాటిలో ఎక్కువగా విరిగేది స్కాఫాయిడ్. మా బావమరిది వాలీబాల్ ఆడుతూ పడ్డాడు. మొదటి ఎక్స్-రేలో ఏమీ కనిపించలేదు. "బెణికింది" అని బామ్ రాసుకుంటూ నెలలు గడిపాడు. బొటనవేలు చాచితే దాని మొదట్లో చిన్న గుంట పడుతుంది చూడండి, అక్కడ నొక్కితే నొప్పి ఉంటే ఎక్స్-రే బాగున్నా విరిగినట్టే అనుకుని కట్టు వేయాలి. 10-14 రోజులకు మళ్ళీ ఎక్స్-రే తీయాలి, లేదా ఎమ్మారై. ఈ ఎముకకు రక్తం ఎక్కువగా వేళ్ళ వైపు నుంచి వెనక్కి వెళుతుంది. ఈ ఎముక మధ్యలో సన్నటి చోట విరిగితే వెనక ముక్కకు రక్తం అందక అతుక్కోకపోవచ్చు, ఒక్కోసారి ఆ ముక్క చచ్చిపోతుంది. మావాడికి తుంటి నుంచి ఎముక తీసి పెట్టి, తల లేని స్క్రూ వేశారు. ఆ స్క్రూకు రెండు చివర్లా థ్రెడ్ల మధ్య దూరం వేరువేరుగా ఉంటుంది, బిగించేకొద్దీ ముక్కలు రెండూ దగ్గరకొస్తాయి. అప్పుడే చూపించుకుని ఉంటే వట్టి కట్టుతో పోయేదేమో. ఇప్పటికీ బండి క్లచ్ నొక్కితే మొహం చిట్లిస్తాడు.

మీ నాన్నగారి విషయానికొస్తే, రెండు ఆసుపత్రుల ఫిల్ములూ ఒకే డాక్టరుకు చూపించి "ఎంత వాలింది, కీలు చీలిందా, మీరు సరిచేశాక నిలుస్తుందా" అని అడగండి. కీలు చీలిందంటే సీటీ అవసరమా అని కూడా అడగండి. కట్టు వేస్తే మాత్రం వారానికోసారి రెండు మూడు వారాలు ఎక్స్-రే మానొద్దు. నిలబడ్డ ఎత్తు నుంచి పడితేనే విరిగిందంటే ఎముకల్లో బలం తగ్గిందేమో చూడాలి. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ రాయమనండి. మా అమ్మ డిశ్చార్జి కాగితంలో ఆ మాటే లేదు, నేనే అడిగి రాయించుకున్నాను. షుగర్ ఉంటే, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. వేళ్ళు మాత్రం ఈ రోజు నుంచే ఆడించమనండి, కట్టు విప్పేదాకా ఆగితే బిగుసుకుపోయి ఫిజియోథెరపీకి నెలల తరబడి తిరగాల్సి వస్తుంది.